61 ఏళ్ల రిటైర్డ్ టర్నర్‌ని పనిలో పెట్టుకోవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

జీడిమెట్ల వర్క్‌షాప్
అందరికీ నమస్తే. జీడిమెట్లలో చిన్న మెషిన్ షాప్ నడుపుతున్నాను. రెండు సీఎన్‌సీలు (కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు), మూడు మామూలు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్ ఉన్నాయి. పంపులకీ, ఫార్మా కంపెనీల రియాక్టర్లకీ షాఫ్టులు, బుష్షులు చేస్తాం. సీఎన్‌సీకి కుర్రాళ్లు దొరుకుతున్నారు. అరిగిపోయిన షాఫ్టు చేతికిస్తే దాన్ని వెల్డింగ్ పెట్టించి, లేత్ మీద మళ్లీ సైజుకి తెచ్చే టర్నర్ మాత్రం దొరకడం లేదు.

ఒక పెద్ద ప్రభుత్వ సంస్థ టూల్‌రూమ్‌లో చేసి రిటైరైన ఒకాయన పని కావాలని వచ్చారు. వయసు 61. ఫోర్ జా చక్‌లో (నాలుగు దవడలతో పట్టి తిప్పే బిగింపులో) జాబ్ బిగించి, డయల్ గేజ్ పెట్టి సరిగ్గా మధ్యకి తెస్తుంటే పక్కన నిలబడి చూశాను. చెయ్యి చాలా నిదానం, కానీ ఒక్క కదలిక కూడా వృథా లేదు. నాకు తీసుకోవాలని ఉంది. మా పార్ట్‌నర్ ఒప్పుకోవడం లేదు. ఒంట్లో బాగోకపోతే మన మెడకి చుట్టుకుంటుందనీ, ఎంత చేసినా రెండు మూడేళ్లే కదా అనీ ఆయన భయం. పెద్దవాళ్లను పెట్టుకుని చూసినవాళ్లు మంచీ చెడూ రెండూ రాయండి.

బాలానగర్ మేస్త్రి
తీసుకో అన్నా. మన హైదరాబాద్‌లో చిన్న షాపులు ఎలా పుట్టాయో ఒకసారి గుర్తు చేసుకుంటే నీ పార్ట్‌నర్‌కి కూడా అర్థమవుతుంది. హెచ్‌ఎంటీ, ప్రాగా టూల్స్, ఆల్విన్, బీహెచ్‌ఈఎల్, ఐడీపీఎల్ (ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ), వీటిలో పని నేర్చుకున్నవాళ్లే కదా బయటికొచ్చి షెడ్లు వేసుకుంది. 1968 నుంచి మా బాలానగర్‌లో టూల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ చదివి వచ్చిన పిల్లలు బాగానే డ్రాయింగ్ చదువుతారు. కానీ లోహం ఎప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో ఏళ్ల తరబడి దాని ముందు నిలబడితేనే తెలిసేది.

మా దగ్గర జరిగింది చెప్తాను. 50 మిల్లీమీటర్ల షాఫ్టు, బేరింగ్ కూర్చునే చోటు. డ్రాయింగ్‌లో కే6 అని ఉంది, అంటే 50.002 నుంచి 50.018 మధ్య ఉండాలి. మొత్తం చోటు 16 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). కుర్రాడు ఫైనల్ కట్ వేశాడు, వెంటనే మైక్రోమీటర్ పెట్టాడు, 50.012 వచ్చింది. ఓకే అని దించబోతుంటే మా దగ్గర ఉన్న పెద్దాయన వచ్చి షాఫ్టు మీద అరచెయ్యి పెట్టి, "చల్లారనియ్యి, అప్పుడు కొలువు" అన్నారు. టీ తాగి వచ్చి కొలిస్తే 50 కంటే తక్కువ చూపించింది.

లెక్క చిన్నదే. స్టీల్ డిగ్రీకి మీటరుకి 11-12 మైక్రాన్లు సాగుతుంది. షాప్ కంటే జాబ్ 30 డిగ్రీలు వేడిగా ఉంటే 50 మిల్లీమీటర్ల మీద 17 మైక్రాన్ల తేడా వస్తుంది. డ్రాయింగ్ ఇచ్చిన చోటంతా వేడికే పోయింది. ఇది పాలిటెక్నిక్‌లో అందరూ చదువుకున్నదే. మెషిన్ ముందు, డెలివరీ టెన్షన్‌లో ఉన్నప్పుడు గుర్తు రావాలి, అదీ విషయం. ఆ రోజు నుంచి మా షాపులో ఫైనల్ కట్‌కి ముందు జాబ్‌ని చల్లారనిచ్చి, కొలిచి, అప్పుడే ఆఖరి కట్ వేస్తున్నారు. ఆయన చెప్పింది ఒక్క జాబ్‌కే, నేర్చుకుంది షాపంతా.

ఆటోనగర్ బెజవాడ
బాలానగర్ అన్న చెప్పింది నిజమే. రెండో వైపు కూడా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

మా గ్యారేజీలో లారీ ఇంజన్ పని చేసే ఒక సీనియర్‌ని పెట్టుకున్నాం. పనికి వంక పెట్టేది లేదు. ఇంజన్ స్టార్ట్ చేసి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని ఏ బేరింగ్ పోయిందో చెప్పేవారు. గొడవంతా మా సూపర్‌వైజర్‌తో వచ్చింది. సూపర్‌వైజర్‌కి ముప్పై కూడా లేవు. ఆయన చెప్పినట్టు జాబ్ కార్డు రాయమంటే పెద్దాయనకి చిన్నతనంగా ఉండేది. "నేను ఈ పని మొదలుపెట్టేనాటికి నువ్వు పుట్టలేదు" అనే మాట వచ్చేసేది. ఇద్దరూ మంచివాళ్లే. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో మొదటి రోజే చెప్పకపోతే ఇలాగే ఉంటుంది.

ఇంకొకటి, బరువు. గేర్ బాక్స్ దించడం, హెడ్ ఎత్తడం లాంటివి ఈ వయసులో చేయించకూడదు. చెయిన్ పుల్లీ, హెల్పర్ రెండూ ఉండాలి. అవి లేకుండా పెద్దవాళ్లను పెట్టుకుంటే నడుము పట్టేసేది వాళ్లకి. జీడిమెట్ల సార్, మీ దగ్గర చక్ ఎత్తడానికి హాయిస్ట్ ఉందా? లేకపోతే ముందు అది పెట్టించండి.

నీలిమ, క్యూఏ
ఫార్మా కంపెనీ నాణ్యత విభాగం వైపు నుంచి నా మాట.

బాలానగర్ గారు ఐడీపీఎల్ పేరు తెచ్చారు. మన దగ్గర బల్క్ డ్రగ్స్ (మందుల తయారీకి వాడే అసలు రసాయనాలు) ఇంతగా పెరగడానికి అక్కడి మనుషులే పునాది. డాక్టర్ రెడ్డీస్‌ని 1984లో పెట్టిన అంజిరెడ్డి గారు కూడా అంతకుముందు అక్కడ పని చేసినవారే. ఆ తరం కెమిస్టులూ, ఆపరేటర్లూ ఎక్కడికి వెళ్తే అక్కడికి పని కూడా వాళ్లతో పాటే వెళ్లింది. ఫ్యాక్టరీ మూతపడినా పనితనం మూతపడకపోవడానికి కారణం వాళ్లను పిలిచి పనిచ్చినవాళ్లు ఉండటమే.

మా ప్లాంట్‌లో రిటైరైన ఒక ప్రొడక్షన్ ఆయన్ని కన్సల్టెంట్‌గా తీసుకున్నారు. చలికాలంలో ఒక ప్రొడక్ట్ సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి ద్రవాన్ని వడకట్టే మెషిన్) దగ్గర ఆగిపోయేది. లిక్కర్ (స్ఫటికాల మధ్య ఉండే ద్రవం) దిగదు, కేక్ (మిగిలిన ముద్ద) తడిగా ఉంటుంది, డ్రైయర్‌లో గంటలకొద్దీ పెట్టినా సాల్వెంట్ లిమిట్‌లోకి రాదు. వేసవిలో ఈ బాధ లేదు. ముడిసరుకు మార్చి చూశారు, ఫిల్టర్ క్లాత్ మార్చి చూశారు. ఆయన వచ్చి రికార్డులు అడగలేదు. రాత్రి షిఫ్ట్‌లో రియాక్టర్ దగ్గర నిలబడి, దాని చుట్టూ ఉండే జాకెట్‌లోకి వచ్చే నీళ్ల పైపు పట్టుకుని చూశారు. చలికాలంలో కూలింగ్ టవర్ నీళ్లే బాగా చల్లగా ఉంటాయి. వాల్వ్ పూర్తిగా తెరిస్తే బ్యాచ్ గబగబా చల్లబడి స్ఫటికాలు పిండిలా సన్నగా పడతాయి. సన్నటి స్ఫటికాల మధ్య నుంచి లిక్కర్ దిగదు. వాల్వ్ కొంచెమే తెరిచి నిదానంగా చల్లార్చమన్నారు. స్ఫటికాలు పెద్దవై, ఆ బాధ పోయింది.

మా పద్ధతి కాగితంలో "25 డిగ్రీలకు చల్లార్చాలి" అని మాత్రమే ఉండేది, ఎంతసేపట్లో అన్నది లేదు. ఇప్పుడు గంటకి ఇన్ని డిగ్రీలు అని చేర్చాం. యాజమాన్యాలకి నేను గట్టిగా చెప్పేది ఇదే. పెద్దవాళ్లను తీసుకుని వాళ్ల చేత పని మాత్రమే చేయించుకుని పంపేయకండి. వాళ్లకి తెలిసింది కాగితం మీదకీ, పక్కనున్న పిల్లల చేతుల్లోకీ రావాలి. అందుకు టైం కేటాయించి, ఆ టైంకి కూడా జీతం ఇవ్వండి.

డిప్లొమా 2023
ఎవరినీ నొప్పించాలని కాదు. నేను మెకానికల్ డిప్లొమా చేసి ఇంకా సరైన ఉద్యోగం లేకుండా ఉన్నాను. ఎక్కడికి వెళ్లినా అనుభవం ఉందా అంటారు. అనుభవం ఉన్న రిటైర్డ్ వాళ్లనే మళ్లీ తీసుకుంటే మాకు అనుభవం ఎప్పుడు వస్తుంది? వాళ్లకి పెన్షన్ ఉంటుంది, ఇల్లు ఉంటుంది. ఆంధ్రాలో ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ 2014లో 58 నుంచి 60 చేశారు, 2022లో 62 చేశారు. తెలంగాణలో 2021లో 61 చేశారు. ప్రతిసారీ మా బ్యాచ్ వాళ్లు ఎదురు చూస్తూ ఉండిపోయారు.

బాలానగర్ మేస్త్రి
తమ్ముడూ, నీ బాధ న్యాయమైనది. ప్రభుత్వ పోస్టుల విషయంలో నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. అక్కడ కుర్చీలు లెక్కపెట్టినన్నే ఉంటాయి, ఒకరు లేస్తేనే ఇంకొకరు కూర్చునేది.

చిన్న షాపు లెక్క వేరు. నాకు రిపేర్ టర్నర్ లేకపోతే ఆ ఆర్డర్ వెనక్కి పంపిస్తాను, దాంతో పాటే ఇద్దరు కుర్రాళ్ల పనీ పోతుంది. పెద్దాయన ఉంటే ఆర్డర్ తీసుకుంటాను, ఆయన పక్కన ఒకరిని పెట్టాలి కాబట్టి నీలాంటివాడినే పిలుస్తాను. అనుభవం ఎప్పుడొస్తుందని అడిగావు కదా, నేర్పేవాడు షాపులో ఉన్నప్పుడే వస్తుంది. సీఎన్‌సీ దగ్గర బటన్ నొక్కి జాబ్ మార్చే పని ఏడాది చేసినా టూల్ ఎందుకు విరిగిందో తెలియదు. మంచి టర్నర్ కింద ఆరు నెలలుంటే తెలుస్తుంది.

ఆటోనగర్ బెజవాడ
దీనికి ఒక షరతు కలుపుతాను. పెద్దాయన్ని తీసుకునే ప్రతి యజమానీ ఆయన పక్కన ఒక అప్రెంటిస్‌ని కూడా తీసుకోవాలి. అప్రెంటిస్ స్టైపెండ్‌లో కొంత భాగం కేంద్రం భరించే పథకం 2016 నుంచి ఉంది. అది వాడుకోకుండా కుర్రాళ్లు దొరకట్లేదని అనడం సరికాదు.

డిపో మెకానిక్ (రిటైర్డ్)
ఇంతసేపూ మా గురించి మీరు మాట్లాడుకున్నారు, సంతోషం. మా వైపు నుంచి కూడా రాస్తాను. ఫోన్‌లో మా మనవరాలు టైప్ చేస్తోంది.

బాబూ డిప్లొమా, పెన్షన్ ఉంటుంది కదా అన్నావు. ఈపీఎస్ (పీఎఫ్‌తో ముడిపడ్డ పెన్షన్ పథకం) కింద వచ్చే పెన్షన్ కనీసం వెయ్యి రూపాయలని 2014లో పెట్టారు. కంపెనీల్లో చేసి వచ్చిన మాలాంటివాళ్లలో చాలామందికి వచ్చేది దానికి కాస్త అటూ ఇటూ. బీపీ, షుగర్ మందులకి కూడా చాలదు. పని అడిగేది కాలక్షేపానికి అనుకోవద్దు.

అలాగని జాలిపడి పని ఇవ్వొద్దు. మా చేతి పనికి బజార్లో ఎంత ఉందో అంత ఇవ్వండి. నేను ఒక ప్రైవేటు ట్రావెల్స్ షెడ్డుకి వెళ్తే, "మీకు పెన్షన్ వస్తుంది కదా, సగం జీతానికి చేయండి" అన్నారు. నేను బిగించిన బ్రేకు సగమే పట్టదు కదండీ. దండం పెట్టి వచ్చేశాను. ఇప్పుడు చేస్తున్న చోట పూర్తి కూలీ ఇస్తున్నారు, ఆరు గంటలే పని. నాకు చాలు, వాళ్లకీ చాలు.

మాకు కావలసినవి పెద్దగా ఏమీ ఉండవు. వెలుతురు బాగా ఉండాలి, వెర్నియర్ మీద గీతలు కనపడాలి. కాసేపు కూర్చోవడానికి ఎత్తు స్టూలు ఉండాలి. బాత్రూం దగ్గరగా ఉండాలి, ఈ మాట సిగ్గుపడి ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నాను. రాత్రి డ్యూటీ వద్దు. కొత్త మెషిన్ నేర్పిస్తే నేర్చుకుంటాం, కాస్త నిదానంగా, పదిమంది ముందు నవ్వకుండా నేర్పండి.

మ్యూనిక్ తెలుగు
డిపో మెకానిక్ బాబాయ్ గారు అడిగినవన్నీ బీఎండబ్ల్యూ వాళ్లు ఒక లైన్‌లో చేసి చూశారు. ఇక్కడికి దగ్గర్లోనే డింగోల్‌ఫింగ్ అని వాళ్ల పెద్ద ఫ్యాక్టరీ ఉంది. పదేళ్ల తర్వాత తమ కార్మికుల సగటు వయసు 47కి వస్తుందని లెక్క వేసుకుని, 2007లో ఒక లైన్‌లో ముందే ఆ వయసు వచ్చేట్టు మనుషుల్ని పెట్టారు. ఏం మార్చాలో ఆ లైన్ వాళ్లనే అడిగారు. చెక్క నేల వేశారు, కూర్చుని చేసే కుర్చీలు పెట్టారు, స్క్రీన్ మీద అక్షరాలు పెద్దవి చేశారు, చిన్న భాగాలు చూడటానికి భూతద్దాలు పెట్టారు, ఒకే పనిలో గంటల తరబడి ఉండకుండా మార్చి మార్చి వేశారు. మొత్తం 70 చిన్న మార్పులు. ఖర్చు సుమారు 40,000 యూరోలు. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది. ఆ లైన్‌కి వెళ్లడానికి మొదట్లో వెనకాడినవాళ్లు ఉన్నారు, పెద్దవాళ్ల లైన్ అని పేరు పడింది కాబట్టి.

పెద్దవాళ్ల కోసం చేసిన స్టూలు, వెలుతురు పాతికేళ్ల కుర్రాడికీ పనికొస్తాయి. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

పీఎఫ్ పని
లెక్కల సంగతి నేను చెప్తాను, చాలామంది ఇక్కడే భయపడి ఆగిపోతారు.

58 దాటినవారిని తీసుకుంటే ఈపీఎస్ పెన్షన్ వాటా కట్టక్కర్లేదు. యజమాని కట్టే వాటాలో పెన్షన్‌కి వెళ్లే భాగం కూడా ఉద్యోగి పీఎఫ్ ఖాతాకే వెళ్తుంది. ఇప్పటికే తీసుకుంటున్న పెన్షన్ కొత్త ఉద్యోగం వల్ల ఆగదు. 55 దాటాక రిటైరై పీఎఫ్ మొత్తం తీసేసుకున్నవారైతే వాళ్లను మళ్లీ తప్పనిసరిగా చేర్చాల్సిన పని లేదు. ఏది మీకు వర్తిస్తుందో ఆయన పాత యూఏఎన్ (పీఎఫ్ నంబరు) చూస్తే తెలుస్తుంది, ముందు అది అడగండి.

ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) విషయంలో పెద్ద వయసని తీసేయడానికి లేదు. మీ షాపు ఈఎస్‌ఐ కిందికి వస్తే, జీతం 21,000 లోపు ఉన్నవాళ్లను చేర్చాల్సిందే. ఉద్యోగి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. జీడిమెట్ల సార్, మీ పార్ట్‌నర్ భయానికి జవాబు ఇందులో ఉంది. పనిలో దెబ్బ తగిలితే ఈఎస్‌ఐ చూసుకుంటుంది. జీతం 21,000 దాటితే మాత్రం ఈఎస్‌ఐ ఉండదు, అప్పుడు విడిగా పాలసీ తీసుకోండి. చేతికి జీతం ఇచ్చేసి రికార్డులో చూపించకుండా ఉంచుకోవడం మాత్రం చేయొద్దు. ఏదైనా జరిగితే అప్పుడు నిజంగానే మెడకి చుట్టుకుంటుంది, ఆయన కుటుంబానికీ అన్యాయం జరుగుతుంది.

సిస్టర్ ఖమ్మం
అందరూ మగవాళ్ల పనులే రాశారు. నేను నర్సింగ్ హోంలో పని చేస్తున్నాను. మా దగ్గర ప్రభుత్వ ఆసుపత్రి నుంచి రిటైరైన హెడ్ సిస్టర్ ఉన్నారు, పగటి డ్యూటీ మాత్రమే. విరేచనాలతో ఎండిపోయి వచ్చిన పసిబిడ్డకి నరం దొరకదు, మేం నాలుగుసార్లు గుచ్చే చోట ఆవిడ పాదం కింద చెయ్యి పెట్టి, కాసేపు వెచ్చగా రుద్ది, ఒక్కసారికే లైన్ పెడతారు. తల్లి ఏడుపు ఆగిపోతుంది.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. డాక్టర్ గారు నోటితో డోస్ చెప్తే ఆవిడ తిరిగి పైకి చదివి వినిపించకుండా సిరంజ్ ముట్టుకోరు. 0.5 అన్నది 5గా వినపడితే పిల్లాడికి పది రెట్లు వెళ్తుంది. కొత్తగా వచ్చిన అమ్మాయిలు డాక్టర్‌ని మళ్లీ అడగడానికి భయపడతారు. ఆవిడ భయపడరు. ఆవిడ అడగడం చూసి ఇప్పుడు మేమూ అడుగుతున్నాం.

మా ఊళ్లో ఇలాంటి రిటైర్డ్ సిస్టర్లు, ఏఎన్ఎంలు ఎంతోమంది ఇళ్లలో ఉన్నారు. పిల్లల్ని చూసుకోమని ఇంట్లో వాళ్లే ఆపేస్తారు. ఆడవాళ్లు రిటైరైతే ఇంటి పని ఎలాగూ ఉంది కదా అనుకుంటారు. వాళ్లని కూడా అడగండి, చాలామంది వస్తారు.

హైటెక్ సిటీ 48
ఒక చిన్న మాట. మా సాఫ్ట్‌వేర్‌లో పెద్ద వయసు అరవై దాకా కూడా రాదు, 45కే మొదలవుతుంది. నేను ఇంటర్వ్యూకి వెళ్తే సిస్టమ్ గురించి అడిగేకంటే "మీకంటే చిన్న మేనేజర్ కింద చేయగలరా" అన్నదే ఎక్కువ అడుగుతున్నారు. చేయగలను. అమెరికాలో 40 దాటినవారిని వయసు చూసి పక్కన పెట్టకూడదని 1967లోనే చట్టం చేశారు. మన దగ్గర ప్రైవేటు ఉద్యోగాలకి అలాంటిది లేదు. ప్రకటనలోనే "35 లోపు" అని ధైర్యంగా రాస్తారు. బ్యాంకులవీ, ఇన్సూరెన్స్ కంపెనీలవీ పాత కోడ్ ఇంకా నడుస్తోంది, అది ఎందుకలా రాశారో తెలిసినవాళ్లు బయట ఖాళీగా ఉన్నారు. నియామకాలు చూసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ "35 లోపు" అన్న ఒక్క మాట ప్రకటన నుంచి తీసేయండి.

జీడిమెట్ల వర్క్‌షాప్
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ పేజీ మొత్తం మా పార్ట్‌నర్ చేత చదివించాను. ఆయన్ని తీసుకుంటున్నాం. ఉదయం తొమ్మిదిన్నర నుంచి నాలుగు దాకా, ఆదివారం సెలవు. గంటకి మిగతా టర్నర్లకి ఎంతో ఆయనకీ అంతే. ఈఎస్‌ఐలో చేరుస్తున్నాం. లేత్ మీద హాయిస్ట్ లేదు, ఈ వారం పెట్టిస్తున్నాం, ఎల్‌ఈడీ ల్యాంప్ కూడా. బేరింగ్ సీట్లు, రిపేర్ జాబ్‌ల మీద ఆఖరి మాట ఆయనది, డెలివరీ తేదీల మీద సూపర్‌వైజర్‌ది. ఇద్దరినీ కూర్చోబెట్టి ముందే చెప్పేశాను.

డిప్లొమా తమ్ముడూ, ఆయన పక్కన అప్రెంటిస్ కావాలి. మొదట్లో చిప్స్ ఊడ్చడం, టూల్ గ్రైండింగ్ చేయడమే ఉంటుంది. ఇష్టమైతే మెసేజ్ పెట్టు.

డిప్లొమా 2023
పెట్టాను అన్నా. సోమవారం వస్తాను.

వరంగల్ అమ్మాయి
ఈ చర్చ ఇప్పుడే చూశాను. మా నాన్న ఫౌండ్రీలో ప్యాటర్న్ మేకర్, పోత అచ్చుల కోసం చెక్క ప్యాటర్న్‌లు (నమూనాలు) చేసేవారు. 63 ఏళ్లు. ఇప్పుడంతా కంప్యూటర్ ప్యాటర్న్‌లే అంటున్నారు. ఆయనకి పని దొరికే అవకాశం ఉందా?

బాలానగర్ మేస్త్రి
ఉందమ్మా. పాత పంపుల కేసింగ్‌లు, గేర్ కవర్లు ఒకటీ రెండూ కావాలంటే ఇప్పటికీ చెక్క ప్యాటర్న్‌తోనే పోయిస్తారు. కాస్టింగ్ చల్లారితే ఎంత కుంచించుకుపోతుందో, ప్యాటర్న్ ఇసుకలోంచి ఊడి రావడానికి ఎంత వాలు ఇవ్వాలో తెలిసినవాళ్లు కంప్యూటర్ మీద డిజైన్ చేసేవాళ్లకి కూడా కావాలి. కాజీపేట, హైదరాబాద్ ఫౌండ్రీల్లో అడిగి చూడండి. కేంద్రం 60 దాటినవారి కోసం 2021లో సేక్రెడ్ అని ఒక పోర్టల్ పెట్టింది, అందులో పేరు నమోదు చేయించండి. ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేసినా దారి చెప్తారు. నాన్నగారు చేసిన ప్యాటర్న్‌ల ఫొటోలు ఏమైనా ఉంటే ఇక్కడ పెట్టండి, నాకు తెలిసిన ఇద్దరు ఫౌండ్రీ వాళ్లకి చూపిస్తాను.